టెక్ సందేహాలు: మెషీన్ నవ్వుతోంది, ఒళ్లు మాత్రం తేలికపడట్లేదు

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. విశాఖ స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. ఏడాదిన్నర కిందట స్లీప్ టెస్టు చేసి ఏహెచ్‌ఐ 38 అన్నారు, సీప్యాప్ మెషీన్ (నిద్రలో గొంతు మూసుకోకుండా మాస్కు గుండా ఒత్తిడితో గాలి పంపేది) రాశారు. అప్పట్నుంచీ మానకుండా వాడుతున్నాను. గురక పోయింది, ఇంట్లోవాళ్లు హాయిగా ఉన్నారు. నిద్ర లేచి చూస్తే తెర మీద నవ్వు బొమ్మ, ఏహెచ్‌ఐ 1.8. అయినా ఒళ్లంతా బరువు. మర్రిపాలెంలో డ్యూటీ బస్సెక్కితే షీలానగర్ రాకముందే తల కిటికీకి కొట్టుకుంటోంది. మెషీన్ లెక్క తప్పా? మా అబ్బాయి స్మార్ట్ వాచ్ కొనుక్కోమంటున్నాడు, కొనమంటారా?

వాచ్ సంగతి తర్వాత చూద్దాం. మెషీన్ తప్పు చెప్పడం లేదండీ, దానికి తెలిసినంతే చెబుతోంది. శ్వాస పది సెకన్లు, అంతకుమించి ఆగడమో బాగా తగ్గడమో గంటకి ఎన్నిసార్లు జరిగిందన్న లెక్కే ఏహెచ్‌ఐ. 5 లోపుంటే మామూలు, 30 దాటితే తీవ్రం. అయితే మెషీన్ భాగించేది మీరు నిద్రపోయిన గంటలతో కాదు, అది నడిచిన గంటలతో. మాస్కు తీసి పక్కన పెట్టాక మీకేమైందో దానికి తెలీదు.

మీరు రాయని సంఖ్య ఒకటుంది: మాస్కు ఎన్ని గంటలు మొహం మీద ఉంటోంది? నాలుగు గంటల ఇరవై నిమిషాలు ఉందనుకుందాం. గంటకి 1.8 చొప్పున ఎనిమిదిసార్లు శ్వాస ఆగింది. తర్వాత మాస్కు లేకుండా ఇంకో రెండున్నర గంటలు పడుకున్నారు. అప్పుడు పాత లెక్క 38 చొప్పున 95 సార్లు. మొత్తం 103. పడుకున్న ఆరు గంటల యాభై నిమిషాలకి పంచితే గంటకి 15. తెర మీద 1.8, ఒంట్లో 15! పైగా కలలొచ్చే నిద్ర ఎక్కువగా ఉండేది రాత్రి చివరి భాగంలోనే. ఆ దశలో గొంతు కండరాలు బాగా వదులవుతాయి కాబట్టి చాలామందికి అప్నియా, అంటే నిద్రలో శ్వాస ఆగే ఈ జబ్బు, ముదిరేది అప్పుడే. మాస్కు తలగడ పక్కకి చేరేదీ సరిగ్గా ఆ వేళకే. "నాలుగు గంటలు పెట్టుకుంటే చాలు" అని మీకెవరైనా చెప్పి ఉంటే, అది అమెరికాలో మెడికేర్ బీమా డబ్బు కట్టడానికి పెట్టుకున్న కొలత. నిద్రకి కొలత కాదు.

మా బావగారిది ఇదే కథ. ఎంవీపీ కాలనీలో ఉంటారు. "రాత్రంతా పెట్టుకునే పడుకుంటున్నానోయ్, మధ్యాహ్నానికి కూలబడిపోతున్నా" అని ఏడాది పాటు అన్నారు. ఓ ఆదివారం మెషీన్లో కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెడితే, శ్వాస గీత ఓ రోజు మూడూ పదికి, ఇంకో రోజు మూడుంపావుకి, కత్తిరించినట్టు ఆగిపోయి ఉంది. తెర ఆయనవైపు తిప్పాను. నమ్మలేదు. వంటింట్లోంచి అక్క, "మూడింటికి బాత్రూమ్‌కి లేస్తారుగా, వచ్చి మళ్లీ పెట్టుకుంటారా ఏమిటి?" అంది. ఆయనకి గుర్తే లేదు, సగం నిద్రలో చేసే పని మరి.

కాబట్టి మీరూ ముందు కార్డు చూడండి. చాలా మోడళ్లలో పక్కన చిన్న మూత కింద ఎస్‌డీ కార్డు ఉంటుంది. దాన్ని చదవడానికి 'ఆస్కార్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలో నడుస్తుంది, ఫోన్లో నడవదు. ఒకప్పుడు 'స్లీపీహెడ్' ఉండేది. 2019లో దాన్ని తయారుచేసినాయన పని ఆపేశాక వాడకందార్లే ఆ కోడ్ తీసుకుని దీన్ని నడుపుతున్నారు. కార్డు కంప్యూటర్లో పెట్టేముందు దాని అంచునున్న బుల్లి మీటని లాక్ వైపు జరపండి. లేకపోతే విండోస్ తన ఫైళ్లు అందులో రాసేస్తుంది, కొన్ని మెషీన్లు అలాంటి కార్డుతో పేచీ పెడతాయి. తిరిగి మెషీన్లో పెట్టేటప్పుడు ఆ లాక్ తీయడం మరిచిపోవద్దు. నేను మరిచాను. బావగారి వారం రోజుల రికార్డు గాల్లో కలిసిపోయింది, అక్క ఇంకా దెప్పుతూనే ఉంది.

షిఫ్టు డ్యూటీవాళ్లకి ఇంకో మెలిక. ఈ మెషీన్లు చాలావరకు మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు 12 దాకా ఒక రోజుగా లెక్కిస్తాయి. రాత్రి డ్యూటీ దిగొచ్చి మీరు ఉదయం 8 నుంచి 3 దాకా పడుకుంటే ఆ నిద్ర రెండు ముక్కలై, నాలుగు గంటలు ఒక తేదీలో, మూడు గంటలు మరో తేదీలో పడతాయి. చార్టు చూసి కంగారుపడకండి. రెండూ కలుపుకుని చదవండి, డాక్టరుగారికీ ఆ మాట చెప్పండి. డ్యూటీ బస్సులో, సోఫాలో తీసే కునుకులన్నీ మాస్కు లేని నిద్రేనని కూడా గుర్తుంచుకోండి.

గంటలు సరిపోతే మాస్కు అంచుల్లోంచి గాలి ఎంత పోతోందో చెప్పే లీకు గీత చూడండి. రెస్‌మెడ్ మెషీన్లలో నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువ కింద లెక్క. ఫిలిప్స్ మెషీన్లు మాస్కు రంధ్రాల్లోంచి కావాలని వదిలే గాలిని కూడా కలిపి చూపిస్తాయి, ఆ అంకెని దీనితో పోల్చకండి. గాలి బుస్సుమని కంటిలోకి కొడితే శ్వాస ఆగకపోయినా నిద్ర చెదురుతుంది, అది ఏహెచ్‌ఐలో కనబడదు. మన ఇళ్లలో దీనికి పెద్ద కారణం కొబ్బరినూనె. తలకి రాసుకున్నది నుదుటికి దిగుతుంది, సిలికాన్ జారుతుంది, జారుతోందని పట్టీలు బిగిస్తాం, బిగిస్తే ఇంకా వంకర పోతుంది. పడుకునేముందు మొహం సబ్బుతో కడుక్కోండి, మాస్కు కుషన్ రోజూ తుడవండి.

చార్టులో 'సీఏ' అన్న గీతలు ఎక్కువగా ఉన్నాయేమో కూడా చూడండి. మామూలు అప్నియాలో గొంతు మూసుకుంటుంది. ఇందులో గొంతు తెరిచే ఉంటుంది, ఊపిరి తీయమన్న ఆదేశమే మెదడు నుంచి రాదు. దీనికి గాలి ఒత్తిడి పెంచితే ఫలితం ఉండదు, కొందరికి ఇంకా పెరుగుతుంది. ఇక ఒత్తిడిని తామే మార్చుకునే ఆటో మెషీన్లని ఒక్కోసారి పెట్టెలోంచి తీసినట్టే 4 నుంచి 20 ఒత్తిడి సెట్టింగులో వదిలేస్తారు. 4 దగ్గర కొంతమందికి ఊపిరి చాలదు, ఒత్తిడి అందుకునేలోపు గొంతు మూసుకుంటుంది. ఆ సెట్టింగు మార్చే డాక్టర్ల మెనూ తెరిచే బటన్ల కిటుకు నెట్‌లో దొరుకుతుంది, నేను మాత్రం ఇక్కడ రాయను. రెండు వారాల చార్టులు ప్రింటు తీసి, కేజీహెచ్ ప్రభుత్వాసుపత్రికైనా ప్రైవేటుకైనా, మీ పల్మనాలజిస్టు దగ్గరికే పట్టుకెళ్లండి.

ఇవన్నీ బాగానే ఉన్నా నీరసం పోకపోతే కారణం మెషీన్ బయట ఉంది. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12, షుగర్ చూపించుకున్నారా? పడుకున్నాక కాళ్లు లాగేస్తాయా? అలాగైతే ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) కూడా. జలుబుకని రోజూ సిట్రిజిన్ వేసుకుంటున్నారా? అదీ మగత తెస్తుంది. మనసు బాగోకపోయినా ఇదే అలసట. వారానికోసారి మారే షిఫ్టు ఒక్కటే చాలు మనిషిని పిండెయ్యడానికి. డాక్టరు దగ్గర 'ఎప్‌వర్త్' ప్రశ్నావళి అడగండి. ఎనిమిది ప్రశ్నలు, 24 మార్కులు. 10 దాటితే పగటి మగత ఎక్కువన్నట్టు. "నీరసంగా ఉందండి" అనడం కన్నా ఆ మార్కు చెబితే మాట త్వరగా ముందుకెళుతుంది. ఈలోగా ప్లాంటుకి బస్సులోనే వెళ్లండి. బస్సులో తూగితే కిటికీ తగులుతుంది, ఎన్‌ఏడీ కూడలి దగ్గర బండి మీద తూగితే ఏం తగులుతుందో చెప్పలేం.

వాచ్ దీని కోసమైతే వద్దు. యాపిల్, శాంసంగ్ వాచీల్లో 2024 నుంచి అప్నియా హెచ్చరికలు వచ్చిన మాట నిజమే. కానీ అవి జబ్బు ఉందో లేదో తెలియనివాళ్ల కోసం. ముందే నిర్ధారణ అయినవాళ్లకి ఉద్దేశించినవి కావని కంపెనీలే చెబుతున్నాయి. గాఢ నిద్ర ఇన్ని నిమిషాలని చూపించేది కూడా కదలికలు, గుండె వేగం చూసి వేసే అంచనా. ఆ డబ్బులో రెండు మూడొందలు పెడితే కార్డు రీడర్ వస్తుంది.

ప్రశ్న: మధురవాడలో ఉంటాం. రాత్రి సీప్యాప్ గొట్టంలో గుడగుడమని నీళ్ల శబ్దం, ఒక్కోసారి ముక్కు మీద చల్లటి చుక్క. పొద్దున్నకి అసలు పడుకున్నట్టే ఉండదు. రిపేరుకి ఇవ్వాలా?

అక్కర్లేదు. మీ ఏసీ ఎంత మీద ఉందో చెప్పలేదు, 20 అయ్యుంటుంది. మెషీన్ నీళ్లని వేడిచేసి తేమగాలి పంపుతుంది, గది చల్లదనానికి అది గొట్టంలోనే నీరవుతుంది. చల్లని మజ్జిగ గ్లాసుకి చెమట పట్టినట్టే. సముద్రం పక్కనున్న మనకి అసలే గాలి నిండా తేమ. హ్యుమిడిఫయర్ని రెండు మెట్లు తగ్గించండి, ఏసీ 25 దాటించండి, గొట్టాన్ని దుప్పటి కిందుగా తీసుకోండి. మెషీన్ తల కంటే కిందుంటే చేరిన నీళ్లు వెనక్కే పోతాయి. అప్పటికీ తగ్గకపోతే వేడి గొట్టం దొరుకుతుంది, మీ మోడల్‌కి సరిపోయేదే కొనండి. ట్యాంకులో పోసేది డిస్టిల్డ్ వాటరే. ఆర్‌ఓ నీళ్లు దానికి బదులు కావు.

ప్రశ్న: వన్‌టౌన్‌లో మా మేడ మీద ఆరేసిన బట్టలకే నల్లటి ధూళి. మెషీన్ ఫిల్టర్ పదిహేను రోజులకే నల్లబడుతోంది. ఓజోన్‌తో శుభ్రం చేసే పెట్టె ఆన్‌లైన్‌లో చూశాను, పనికొస్తుందా?

ఆ పెట్టె ఫిల్టర్‌కి చేసేదేమీ లేదు. ఓజోన్ ఊపిరితిత్తులకి మంచిది కాదు. సీప్యాప్ శుభ్రతకని ఓజోన్, యూవీ పరికరాలు వేటికీ తాము అప్పటికి అనుమతి ఇవ్వలేదని అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లోనే హెచ్చరించింది. 2021 జూన్‌లో ఫిలిప్స్ పాత మెషీన్లని వెనక్కి పిలిచినప్పుడు కూడా, లోపలి ఫోమ్ పొడిపొడి కావడాన్ని ఓజోన్ ఇంకా పెంచవచ్చని చెప్పింది. సెకండ్ హ్యాండ్ మెషీన్ కొనేవాళ్లు ఆ రీకాల్ జాబితా ఓసారి చూసుకోండి. మాస్కుకీ గొట్టానికీ గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు చాలు. నీడలో ఆరబెట్టండి. తెల్ల కాగితం ఫిల్టర్‌ని మాత్రం ఉతక్కండి, తడిస్తే పనికిరాదు. ఆరు నెలలకి మార్చమని రెస్‌మెడ్ పుస్తకంలో ఉన్నా, మీ ఇంట్లో నల్లబడినప్పుడల్లా మార్చాల్సిందే. ఒకటొకటి కాకుండా పన్నెండు కలిపి కొంటే చవక. మెషీన్ వీధి కిటికీ పక్కన ఉంటే తీసి మంచానికి అటువైపు పెట్టండి.