జాలీ చెరిపేసి పోటీకి పంపొచ్చా?

ప్రశ్న: అన్నా, నమస్తే. దసరా సెలవుల్లో పిల్లలను తీసుకొని ఒక సఫారీ పార్కుకు పోయాం. తమ్ముడి కెమెరా, 70–300 లెన్స్ అడిగి తీసుకుపోయాను. పులి ఫొటో ఒకటి భలే కుదిరింది. చుట్టాలంతా అచ్చం అడవిలో తీసినట్టే ఉందంటున్నారు. బస్సు కిటికీ జాలీ గీతలు రెండు అడ్డం పడితే మా మేనల్లుడు ఫోన్లో చెరిపేశాడు. వన్యప్రాణుల ఫొటో పోటీకి పంపమని అందరూ ఒకటే పోరు. కానీ అదే పులిని వీడియో కూడా తీశాను. అందులో అది అటు పది అడుగులు, ఇటు పది అడుగులు తిరుగుతూనే ఉంది. రాత్రి ఇంట్లో చూస్తే మనసు ఎట్లనో అయింది. ఫొటో, వీడియో రెండూ మీకు పంపుతున్నాను. ఫొటో పోటీకి పంపొచ్చా? అసలు జాలీ పడకుండా తీయడం ఎట్లా?
– ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: చెల్లెమ్మా, పోటీకి పంపకండి. వన్యప్రాణి విభాగంలో చాలా పోటీలు జూలో, సఫారీలో తీసినవాటిని తీసుకోవు. తీసుకునే చోట కూడా ఆ సంగతి రాసి పంపాలి. పైగా మీ మేనల్లుడి పనితనం నాకు దొరికిపోయింది. కుడి బుగ్గ మీద మీసాలు మూడు సగంలో తెగిపోయి, మళ్లీ రెండు వేళ్ల అవతల మొలిచాయి చూడండి.

జాలీ పడకూడదంటే తర్వాత చెరపడం కాదు, తీసేటప్పుడే చూసుకోవాలి. బస్సు కిటికీ జాలీకి లెన్స్‌ను దాదాపు ఆనించండి. జంతువు జాలీకి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. అపర్చర్ నంబర్, అంటే లెన్స్ కన్ను ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె, మీ లెన్స్‌లో ఎంత తక్కువకు వస్తే అంతకు పెట్టండి, 300 దగ్గర మామూలుగా 5.6 వస్తుంది. అప్పుడు దగ్గరున్న జాలీ మసకబారి మాయమవుతుంది. తీగల మీద ఎండ పడితే ఫొటో అంతా పాలు ఒలికినట్టు తెల్లబోతుంది, అందుకే నీడపడ్డ చోటు వెతుక్కోవాలి. ఆటోఫోకస్ ఊరికే తీగను పట్టుకుంటుంది కాబట్టి ఒకే పాయింట్ పెట్టి, జాలీ కన్నంలోంచి పులి కన్ను మీద నిలపండి. మోచెయ్యి మాత్రం కిటికీ కడ్డీకి ఆనించొద్దు. ఇంజన్ వణుకంతా కెమెరాలోకి వస్తుంది. షట్టర్ స్పీడ్ సెకనులో 500వ వంతుకు తగ్గకుండా ఉంటే చాలు. ఫ్లాష్ జోలికి అసలే పోవద్దు.

ఇక వీడియో. నాలుగుసార్లు చూశాను. నిమిషంన్నరలో పులి పదకొండుసార్లు మళ్లింది. ప్రతిసారీ ఆ తుమ్మచెట్టు మొదట్లోనే, తల ఎడమకే తిప్పి, ముందు కాలు అదే చోట పెట్టి. అక్కడ గడ్డి పోచ లేదు. నేల బండిచక్రాల జాడలా గుంటపడి, నున్నగా మెరుస్తోంది. గానుగెద్దంటామా, దానికైనా పొద్దుగూకితే కాడి దించుతారు.

తిండి వేళ దగ్గరపడ్డా పులి అట్లా తిరుగుతుంది, ఒక్క వీడియో చూసి దాని బాధ ఇదని నేను తీర్పు చెప్పలేను. కానీ పొద్దున, మధ్యాహ్నం, ఎప్పుడు చూసినా అదే దారి, అదే మలుపు అయితే అది ఆకలి కాదు. అడవిలో ఎంత ఎక్కువ మేర తిరిగే మాంసాహారి అయితే, బంధిస్తే అంత ఎక్కువగా ఇట్లా పచార్లు చేస్తుందని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు రాస్ క్లబ్, జార్జియా మేసన్ 2003లో చూపించారు. మన జూ నిబంధనల్లో పులుల జతకు ఆరుబయట కనీసం 1,000 చదరపు మీటర్లు ఉండాలని ఉంది. మన లెక్కలో పది గుంటలు. వేట బాగా దొరికే అడవిలో కూడా ఒక్క ఆడపులికి ఇరవై చదరపు కిలోమీటర్ల దాకా కావాలి, అంటే ఐదు వేల ఎకరాలు. సఫారీ పది గుంటలకన్నా ఎంతో పెద్దదే, కాదనను. అయినా మీ పులి కంచె పక్కనే ఆ పది అడుగులు పట్టుకుంది.

నా సంగతి కూడా చెప్పాలి. పాలమూరులో స్టూడియో పెట్టిన కొత్తలో పెళ్లి జంటలను పిల్లలమర్రికి తీసుకుపోయేవాణ్ని. అక్కడి జింకల పార్కు దగ్గర, వెనకాల ఒక దుప్పి తలెత్తి చూడాలని జాలీలోంచి ఆకులు చూపించి, చప్పట్లు కొట్టి నానా తిప్పలు పడ్డాను. జూల్లో జంతువులను రెచ్చగొట్టడం, తిండి పెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమని అప్పట్లో తెలియదు. జాలీ ఎంత బాగా మాయమైందంటే, ఆల్బమ్ చూసిన పెళ్లికూతురి నాన్న "ఈ జింక తెర మీద గీసిన బొమ్మనా?" అని అడిగాడు. నిజం జింకే అంటే నమ్మలేదు. ఆ మాట మాత్రం మనసులో ఉండిపోయింది. అప్పటి నుంచి కంచె వెనక జంతువును తీస్తే కంచెను కూడా ఫొటోలో ఉంచుతున్నాను.

అట్లాగని జూలన్నీ మూసేయమనే రకాన్ని కాను. మూషిక జింక ఉంది కదా, కుందేలంత ఉంటుంది, మౌస్ డీర్ అంటారు. హైదరాబాద్ నెహ్రూ జూలో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్లతో కలిసి వాటిని పెంచి, సంతతి పెరిగాక 2017లో మన అమ్రాబాద్ అడవిలో వదిలారు. అది కూడా కంచె లోపల జరిగిన పనే. మీ పులికి అట్లాంటి దారి లేదు. మనుషుల చేతి తిండికి అలవాటుపడ్డ పులిని అడవిలో వదిలితే ఊళ్ల మీద పడే ప్రమాదం ఉంది.

మీ ఫొటోను దాచిపెట్టకండి. మేనల్లుడు ముట్టుకోని అసలుది ఉంటే ప్రింట్ వేయించండి, జాలీ గీతలతోనే. పిల్లలు అడుగుతారు, వీడియో కూడా చూపించండి.

అడవి ఫొటోనే కావాలంటే కల్వకుర్తి మీదుగా శ్రీశైలం రోడ్డు పట్టుకోండి. మన్ననూరు దాటాక ఫరహాబాద్ సఫారీ ఉంది. వానాకాలంలో మూసేస్తారు, కనుక్కొని వెళ్లండి. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో పులి మీ కోసం రోడ్డు మీద కూర్చోదు. నేను మూడుసార్లు పోయాను, ఒక్కసారీ కనిపించలేదు. మూడోసారి జీపు దారి దుమ్ములో పాదం ముద్ర ఒకటి కనిపించింది. కొలతకని పక్కన అగ్గిపెట్టె పెట్టి నలభై ఫొటోలు తీశాను. ఇన్నేళ్లలో నేను వన్యప్రాణి పోటీకి పంపింది అదొక్కటే. ప్రైజ్ రాలేదు.