కదిలిన స్కాన్‌ను పారేయకు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు బ్రెయిన్ ఇమేజింగ్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చిందనీ, మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్. అంటారు, మెదడు, వెన్నుపాములోని నరాల పైపొరను దెబ్బతీసే జబ్బు), డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రెండింటి మీదా పనిచేస్తావనీ చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషం ఎంతో దిగులూ అంతే. ముప్పై ఏళ్లు నేను నడిచిన దారే నువ్వూ పట్టావు. అందులో నేనెక్కడ పడ్డానో నీకు చెప్పకపోతే నేను పెద్దమ్మనై ఏం లాభం?

మామూలు సంగతులు ముందు. ప్రోగ్రామింగ్ గట్టిగా నేర్చుకో. స్టాటిస్టిక్స్ అర్థం కాకపోతే సిగ్గుపడకుండా అడుగు. ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ వాడావో ఆ రోజే రాసిపెట్టుకో. మధ్యలో ఎం.ఆర్.ఐ. స్కానర్ అప్‌గ్రేడ్ చేస్తామంటే, ముందూ తర్వాతా అవే మనుషుల్ని స్కాన్ చేయించు.

స్కానర్ గది మాటకొస్తే మాత్రం నన్ను చాదస్తపు మనిషి అనుకున్నా సరే. 2001లో న్యూయార్క్ రాష్ట్రంలో ఆరేళ్ల పిల్లాడు స్కానర్‌లో పడుకుని ఉండగా గదిలోకి ఆక్సిజన్ సిలిండర్ తెచ్చారు. స్కానర్‌లోని అయస్కాంతం దాన్ని లాక్కుంది. తలకు తగిలి ఆ బిడ్డ పోయాడు. స్కాన్ జరగకపోయినా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుందని గుర్తుంచుకో. నువ్వు చిన్నప్పట్నుంచీ జడలో పిన్నులు పెట్టుకుని మర్చిపోయే రకం. ఎంత తొందరలో ఉన్నా తల తడుముకోకుండా ఆ గుమ్మం దాటొద్దు.

నువ్వు కొలవబోయేది ఎంత చిన్నదో కూడా తెలుసుకో. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో మెదడు పరిమాణం ఏడాదికి 0.1 నుంచి 0.3 శాతం తగ్గుతుంది. ఎం.ఎస్.లో అర శాతం నుంచి ఒక శాతం పైచిలుకు. మనిషి నీళ్లు సరిగా తాగకుండా వస్తే చాలు, పొద్దున కాక సాయంత్రం వస్తే చాలు, ఆ తేడాలో కలిసిపోయేంత చిన్న లెక్క ఇది. వాపు తగ్గించే మందు మొదలెట్టిన కొత్తలో మెదడు కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది. అది జబ్బు ముదరడం కాదు, వాపు దిగడం. ఇంకోటి. ఫ్లెయిర్ స్కాన్‌లో (ఎం.ఎస్. దెబ్బలు తెల్లగా కనిపించే రకం స్కాన్) తెల్లమచ్చలు లెక్కపెట్టి, ఆ మనిషి ఎలా నడుస్తుందో నాకు తెలుసు అనుకోకు. మచ్చలు నిండుగా ఉండి పరిగెత్తేవాళ్లనీ చూశాను, నాలుగే ఉండి కర్ర పట్టుకున్నవాళ్లనీ చూశాను. వెన్నుపాములో దెబ్బ మెదడు స్కాన్‌లో కనిపించదు. కార్టెక్స్‌లోని, అంటే మెదడు పైపొరలోని మచ్చలు చాలావరకు మామూలు స్కాన్‌కు దొరకవు.

ఇప్పుడు నా తప్పు గురించి.

డిమెన్షియా మీద మూడేళ్ల అధ్యయనం చేస్తున్నాం. ఏడాదికోసారి స్కాన్ తీసి జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగం ఎంత తగ్గిందో కొలవాలి. ఒక రిటైరైన మాస్టారు వచ్చేవారు, వెంట భార్య. మొదటి ఏడు ఆయన శిలలా పడుకున్నారు. రెండో ఏడు మధ్యలో రెండుసార్లు, ఇంకా ఎంతసేపని అడిగారు. మూడో ఏడు తాను ఎక్కడున్నదీ ఆయనకు తెలియలేదు. లోపల ఆ చప్పుడు మొదలవగానే తల ఎత్తి భార్యను పిలిచారు. మేం ఆవిడ ఒంటి మీద లోహం ఏదీ లేదని చూసుకుని లోపలికి పంపాం. స్కాన్ అయ్యేదాకా ఆవిడ ఆయన పాదం పట్టుకుని నిలబడింది. బయటికొచ్చాక నన్నడిగింది: "ఇది పనికొస్తుందా అమ్మా?" వస్తుందన్నాను.

సాయంత్రం తెరమీద చూస్తే బొమ్మంతా చెరువులో రాయి పడ్డట్టు అలలు అలలుగా ఉంది. పనికిరాదని గుర్తు పెట్టి తీసేశాను. అప్పటికే అలాంటివి ఇంకొన్ని తీసేసి ఉన్నాను. టేబుల్ ఎంత శుభ్రంగా వచ్చిందో! ఆ శుభ్రం చూసి మురిసిపోయాను కూడా.

పేపర్ దాదాపు పూర్తయ్యాక మా స్టాటిస్టీషియన్ ఒక ప్రశ్న వేశాడు. తీసేసినవాళ్ల జ్ఞాపకశక్తి పరీక్షల మార్కులేంటని. తీసి చూశాను. అందరికన్నా వేగంగా క్షీణించినవాళ్లు దాదాపు అందరూ ఆ కుప్పలోనే ఉన్నారు. అంటే నేను కొలిచింది కదలకుండా పడుకోగలిగినవాళ్ల జబ్బు మాత్రమే. అసలుకన్నా నెమ్మదైన జబ్బు. అప్పటికే మా బృందంలో ఇంకొకరు నా అంకె పట్టుకుని ఒక మందు ట్రయల్‌కు ఎంతమంది కావాలో లెక్కలు వేస్తున్నారు. పరుగున వెళ్లి ఆపమని చెప్పాను. ఆ రోజు ఇంటికి నడిచి వస్తుంటే ఆవిడ పాదం పట్టుకుని నిలబడ్డ తీరే కళ్లముందు. పనికొస్తుందన్న నా మాటను నిజం చేయాల్సింది నేను కదా, నేనే తుడిచేశాను.

అలాగని కదిలినవన్నీ కలిపేసుకున్నా తప్పే, తల్లీ. అక్కడే ఈ పనిలోని చిక్కంతా ఉంది. తల కదిలితే సాఫ్ట్‌వేర్ గ్రే మ్యాటర్‌ను (నరాల కణాలుండే బూడిదరంగు భాగాన్ని) పలచగా చూపిస్తుంది. ఆరోగ్యవంతుల్ని కావాలనే తల కదపమని చెప్పి తీసిన స్కాన్లలోనూ అలాగే వచ్చిందని 2015లో అచ్చయింది. కలుపుకుంటే లేని క్షీణత కనిపిస్తుంది, తీసేస్తే ఉన్న క్షీణత మాయమవుతుంది.

అందుకే కదలిక వచ్చాక ఏం చేయాలా అని కాదు, రాకముందే ఆలోచించు. నీకు అన్నిటికన్నా ముఖ్యమైన టీ1 స్కాన్‌ను (మెదడు భాగాల పరిమాణం కొలిచే బొమ్మను) మనిషి ఇంకా అలసిపోకముందే తీయించు. పడుకునే ముందు బాత్రూమ్‌కు పంపు, ఎం.ఎస్. ఉన్నవాళ్లలో చాలామందికి ఆపుకోవడం కష్టం, సిగ్గుతో చెప్పరు. మోకాళ్ల కింద దిండు పెడితే కాళ్లు పట్టేయడం కొంత తగ్గుతుంది. చప్పుడు ఎలా ఉంటుందో ముందే వినిపించు. కుదరకపోతే ఇంకో రోజు రమ్మను, కోప్పడకు. అయినా బొమ్మ పాడైతే, ఎందుకు పాడైందో, ఆ రోజు ఆ మనిషి ఎలా ఉన్నాడో నీ చేత్తో రాయి. స్కాన్ పోయినా పరీక్షల మార్కులు ఉంటాయి, వాటిని లెక్కలోంచి తీయకు. ఎవరిని ఎందుకు వదిలేశావో పేపర్లో మొదటి పేజీల్లోనే చెప్పు, ఎక్కడో అనుబంధంలో దాచకు.

మీవాళ్లు ఆరోగ్యవంతుల్ని కూడా స్కాన్ చేస్తారు. వాళ్లలో ఎవరికైనా అనుకోకుండా గడ్డలాంటిది కనిపిస్తే ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది మొదటి మనిషి రాకముందే రాసి ఉండాలి. ఆ మాట నువ్వు ఒక్కదానివీ చెప్పే పరిస్థితి రానీయకు. నీకింకా ఇరవై మూడేళ్లే.

ప్రోటోకాల్ కాగితం చేతికి రాగానే నాకు పంపు. టీ1 ఎన్నో వరసలో పెట్టారో చూస్తాను. చివర్లో ఉంటే, నీకు మొహమాటమైతే చెప్పు, మీ గైడ్‌తో నేనే మాట్లాడతాను.

నీ
పెద్దమ్మ