పక్కపక్క ఊటల్లో పరాయి నత్తలు

ప్రశ్న: పర్వతాల్లోని చల్లని ఊటల్లో బతికే నత్తలు చూడటానికి ఒకేలా ఉన్నా, దగ్గరి ఊటల మధ్య కూడా వాటి జన్యువుల్లో పెద్ద తేడాలుంటాయని చదివాను. నీరూ చలీ ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎలా వస్తుంది? ఒక ఊటలో నత్తలు తగ్గిపోతే పక్క ఊటవి తెచ్చి వదిలితే సరిపోదా?

జవాబు: తేడా రావడానికి పరిసరాలు వేరుగా ఉండనక్కర లేదు, రాకపోకలు లేకపోతే చాలు. ఊట నీరు నేల లోపలి నుంచి వస్తుంది కనుక దాని ఉష్ణోగ్రత ఏడాది పొడవునా పెద్దగా మారదు. ఆ నిలకడకు అలవాటుపడిన జీవికి, దిగువన ఎండకు వేడెక్కే వాగు దాటలేని అడ్డు. ఐరోపా ఊటల్లో కనిపించే బైథినెల్లా నత్త కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది. దానికి నీటిలో తేలుతూ దూరాలకు పోయే డింభక దశ లేదు, గుడ్డులోంచి నేరుగా పిల్లనత్తే వస్తుంది. ఇలా విడిపోయిన చిన్న సమూహంలో ఏ జన్యురూపం నిలుస్తుందో, ఏది అంతరిస్తుందో చాలావరకు యాదృచ్ఛికంగానే తేలుతుంది. అందువల్ల ఒక ఊటలోని నత్తలు తమలో తాము దాదాపు ఒకేలా ఉంటూ, పక్క ఊటవాటికి దూరమవుతాయి. అదే ఊటలో పెరిగినా, పెద్దయ్యాక రెక్కలతో ఎగిరే కీటకాల్లో ఈ ఎడం సాధారణంగా ఇంతగా ఉండదు.

పెంకును చూసి ఈ భేదాలను పట్టుకోవడం కష్టం. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా అనే భాగాల డీఎన్ఏలో సుమారు 650 అక్షరాల (డీఎన్ఏ క్రమంలోని యూనిట్ల) పొడవున్న ఒక ముక్కను జంతుజాతుల గుర్తింపునకు వాడవచ్చని 2003లో ప్రతిపాదించాక ఇటువంటి పోలికలు సులువయ్యాయి. ఒకే జాతి అనుకున్న గామరస్ ఫోసారమ్ అనే రొయ్యవంటి జీవిలో పలు జాతులు దాగి ఉన్నాయని కూడా జన్యు పరీక్షలే చూపాయి. అయితే మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది, తల్లి వైపు వంశాన్నే చూపుతుంది కాబట్టి, ఆ ఒక్క ముక్కనే నమ్మి కొత్త జాతిని ప్రకటించడం తొందరపాటు. తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే, కణ కేంద్రకంలోని జన్యువులనూ చూడాలి.

మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. పక్క ఊటది వేరే జాతే కావచ్చు. దానితో పాటు పరాన్నజీవులూ రావచ్చు. కనుక జన్యువులను పోల్చకుండా ఆ పని చేయకూడదు. అంతకంటే ముందు నత్తలు ఎందుకు తగ్గాయో చూడాలి. తరచూ కనిపించే కారణం, నీరు ఉబికే చోటునే సిమెంటుతో కట్టి మొత్తం నీటిని గొట్టంలోకి మళ్లించడం. ఆ చోటును అలాగే వదిలి, దిగువ నుంచి కొంత నీటినే తీసుకుంటే, పరాయి నత్తలను మోసుకురావలసిన అవసరం చాలా ఊటల్లో రాదు.