ప్రచారం ఐదు వేలలోపే

ప్రశ్న: ఎంఏ రెండో ఏడాది చదువుతున్నాను. విద్యార్థి సంఘానికి కార్యదర్శిగా పోటీ చేద్దామనుకుంటున్నాను. నామినేషన్ ఎక్కడ దెబ్బతింటుంది? గెలిస్తే మెస్ సమస్య ఎలా కదిలించాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: విద్యార్థి సంఘాల ఎన్నికలపై వేసిన లింగ్డో కమిటీ నిబంధనలే ఆధారం, వాటిని అమలు చేయమని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. హాజరు కనీసం 75 శాతం ఉండాలి, పోటీ చేసే ఏడాది బ్యాక్‌లాగులు ఉండకూడదు, పీజీవాళ్లకు వయసు 24–25 దాటకూడదు. ఆఫీస్ బేరర్‌గా, అంటే కార్యదర్శి లాంటి పదవికి, పోటీకి ఒక్కటే అవకాశం, కాబట్టి తొందరపడకండి. హాజరు లెక్క డిపార్ట్‌మెంటులో ముందే చూసుకోండి. చివరి రోజు సంతకం కోసం తిరిగితే పని కాదు.

ఖర్చు రూ.5,000 మించితే గెలిచినా ఎన్నిక రద్దవుతుంది. అచ్చు పోస్టర్లు నిషిద్ధం, చేత్తో రాసినవే అతికించాలి, అదీ చూపించిన చోటే. చార్టు పేపర్, స్కెచ్ పెన్నుల రసీదులు కూడా దాచండి. ఫలితాలు వచ్చిన రెండు వారాల్లో లెక్కలు అప్పగించాలి.

ఇక మెస్. ‘తిండి బాగోలేదు’ అని రాస్తే ఆ కాగితం ఫైల్లోనే పడుకుంటుంది. ఏ తేదీన, ఏ పూట, ఏ కూర, ఎంతమంది తినకుండా వదిలేశారు అని వారంపాటు రాయించండి. ఒక వినతిపత్రంలో ఒకే కోరిక పెట్టండి. వార్డెన్‌కు, డీన్‌కు ఇచ్చి, మీ నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర లేకపోతే అందలేదంటారు.