సమాధానం: రికార్డు పాఠాలు, జీవం లేని చర్చలు

గంటసేపు సాగే రికార్డు పాఠాలను విద్యార్థులు మధ్యలోనే వదిలేస్తున్నారని, కోర్సు చర్చలో "నేనూ ఏకీభవిస్తున్నాను" తప్ప మరేమీ రాయడం లేదని మీరు అడిగారు. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ వేదికలోని కోర్సుల్లో దాదాపు 69 లక్షల వీక్షణలను పరిశీలించిన 2014 నాటి అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా మధ్యస్థ వీక్షణ సమయం 6 నిమిషాలు దాటలేదు. అందుచేత పాఠాన్ని భావానికొక భాగంగా విడగొట్టి, ప్రతి భాగం తరువాత నోట్సు చూడకుండా జవాబు రాయవలసిన ఒకటి రెండు ప్రశ్నలు పెట్టండి. మళ్లీ చదవడం కంటే జ్ఞాపకం చేసుకుని రాసినదే ఎక్కువకాలం నిలుస్తుంది. వీటికి మార్కులు నామమాత్రంగా చాలు (ఎక్కువైతే కాపీలు మొదలవుతాయి).

చర్చలో లోపం బహుశా ప్రశ్నలోనే ఉంది: ఒకే సరైన జవాబున్నప్పుడు మొదటి విద్యార్థి రాశాక మిగిలినవారు చేయగలిగేది ఏకీభవించడమే. ఒక్కొక్కరికి వేరే ఉదాహరణ ఇవ్వండి. మూడిల్ అనే ఆన్‌లైన్ బోధనా సాఫ్ట్‌వేర్ వాడుతున్నట్లయితే, సొంత జవాబు పెట్టాకే ఇతరులవి కనిపించే ప్రశ్నోత్తర ఫోరం అందులో ఉంది.