సోమవారం ఎలిఫెంటా బోటు టికెట్ దొరకడం లేదా? కారణం ఇదే

మోకాళ్ల నొప్పులున్న అమ్మగారితో నిజామాబాద్ నుంచి ఆదివారం రైలెక్కుతున్నామని, సోమవారానికి ఎలిఫెంటా బోటు టికెట్ ఫోన్‌లో చూపించడం లేదని అడిగారు. ముంబై దగ్గర ద్వీపంలో ఉన్న ఎలిఫెంటా గుహలకు సోమవారం సెలవు. మీకు ఆ రోజు టికెట్ చూపించకపోవడానికి కారణం అదే అయ్యుంటుంది, మీ ఫోన్ తప్పేమీ కాదు. నిజామాబాద్‌లో ఆదివారం దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ముంబైలో దిగేది సోమవారం పొద్దున. చాలామంది రైలు రిజర్వేషన్ చూసుకుంటారు గానీ, దిగే రోజు ఏ వారమో చూసుకోరు.

1. రైలు టికెట్ సోమవారానికి మార్చుకోండి, మంగళవారం దిగుతారు. కుదరకపోతే సోమవారం ఊరు చూసి, ద్వీపం మంగళవారానికి పెట్టుకోండి.

2. గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర పొద్దున్నే బోటు ఎక్కండి. దాదాపు గంట ప్రయాణం. రానూపోనూ ఒకటే టికెట్, పారేయకండి. గుహల టికెట్ వేరే.

3. అమ్మగారికి మోకాళ్ల నొప్పులన్నారు కదా, పైకి 120 దాకా మెట్లున్నాయి. డోలీ దొరుకుతుంది, ధర ముందే మాట్లాడుకోండి. తినేవి చేతిలో పట్టుకోవద్దు, కోతులు లాక్కుంటాయి.

4. ఎక్కువసేపు మొదటి గుహలోనే ఉండండి. మన రామప్పలా రాళ్లు పేర్చి కట్టింది కాదు, కొండనే తొలిచారు. మూడు ముఖాల సదాశివుడు దాదాపు 20 అడుగులు. లోపల మసక వెలుతురు, కళ్లు అలవాటు పడేదాకా ఆగితేనే ఎడమవైపు భైరవ ముఖంలోని కోపం, కుడివైపు ముఖంలోని సౌమ్యం తేడా తెలుస్తాయి.

వానాకాలమైతే బయలుదేరే ముందు బోట్లు నడుస్తున్నాయో లేదో కనుక్కోండి.