కాటా దగ్గర తప్పితే క్లౌడ్‌లోనూ తప్పే

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఈసారి విశాఖ చుట్టుపక్కల ఆహార తయారీ యూనిట్ల నుంచి వచ్చినవి

ప్రశ్న: జంతికలు, పప్పుచెక్కలు, కారప్పూస, ఆవకాయ తయారుచేసే యూనిట్ మాది. ఏడాదికి మూడు కోట్ల వ్యాపారం. జమాఖర్చులు ఆఫీసు కంప్యూటర్లో, తయారీ లెక్కలు నోటుపుస్తకాల్లో ఉంటాయి. సూపర్‌మార్కెట్ల వాళ్లు ఇప్పుడు బ్యాచ్ వివరాలు అడుగుతున్నారు. క్లౌడ్ సాఫ్ట్‌వేర్ (ఇంటర్నెట్ ద్వారా బయటి సర్వరులో నడిచేది) పెట్టుకోమని అమ్మేవాళ్లు వెంటపడుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఓ పాఠకురాలు, పెందుర్తి

జవాబు: డెమోలన్నీ ఒక పది రోజులు వాయిదా వేయండి. ముందు మీ కొలతలు, రెసిపీలు, బ్యాచ్ నంబర్లు దారిలో పెట్టుకోవాలి. అవి లేకుండా ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా దండగే.

కొలతల్లో మొదట చూడాల్సింది నూనె టిన్ను. మార్కెట్లో 15 కిలోల టిన్నూ దొరుకుతుంది, 15 లీటర్ల టిన్నూ దొరుకుతుంది. వంటనూనె లీటరు సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి 15 లీటర్లంటే 13.65 కిలోలే. లీటర్ల టిన్ను కొంటూ సాఫ్ట్‌వేర్‌లో ‘ఒక టిన్ను = 15 కిలోలు’ అని పెడితే, టిన్నుకు 1.35 కిలోల నూనె లెక్కల్లోనే పుట్టుకొస్తుంది. రోజుకు పది టిన్నులు వాడే చోట 26 పనిరోజులకు అది 351 కిలోలవుతుంది. నెలాఖరున గోదాములో ఆ నూనె కనపడదు, పాపం స్టోరు కుర్రాడి మీద అనుమానం పడుతుంది. పిండి బస్తాలు, కారం సంచులు, జీడిపప్పు డబ్బాలు – కొనే కొలత, వాడే కొలత వేరుగా ఉన్న ప్రతి సరుకునూ ఒకసారి కాటా మీద పెట్టి తూచి, వచ్చిన అంకెనే సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వండి.

రెసిపీ దగ్గర అందరూ తడబడేది తరుగు లెక్కలో. ఉదాహరణకు 80 కిలోల బియ్యప్పిండి, 20 కిలోల శనగపిండి, వెన్న, ఉప్పు, కారం, వాము, నువ్వులు కలిపి ఇంకో 11 కిలోలు అనుకుందాం. కలిపిన నీళ్లు వేగేటప్పుడు ఆవిరైపోతాయి. పిండిలో ఉండే 12 శాతం దాకా తేమ కూడా చాలావరకు పోతుంది. దాని బదులు జంతిక నూనె పీల్చుకుంటుంది. 35 కిలోల దాకా పీలిస్తే చేతికొచ్చే సరుకు సుమారు 135 కిలోలు. ‘వేసిన బరువు ఇంత, కాబట్టి వచ్చే బరువూ ఇంతే’ అనుకునే సాఫ్ట్‌వేర్ ఇక్కడ పనికిరాదు. ప్రతి బ్యాచ్‌కీ రావాల్సిన బరువు, వచ్చిన బరువు, ఖర్చయిన నూనె పక్కపక్కన చూపించాలి. నూనె 35 నుంచి 40కి ఎక్కిందంటే కళాయి వేడి తగ్గిందనో, పిండి పలచబడిందనో ఆ పూటే తెలిసిపోతుంది. అసలు ఈ సాఫ్ట్‌వేర్ డబ్బు మిగిల్చేది ఇక్కడే. బిల్లులు కొట్టడానికైతే మీ పాత కంప్యూటరే చాలు.

ఇక బ్యాచ్ నంబరు. ఒక్కసారి కలిపిన పిండి ఒక బ్యాచ్. రోజంతటికీ ఒకే నంబరు వేస్తే, తేడా వచ్చిన రోజు సరుకంతా వెనక్కి తెప్పించాల్సిందే. కళాయి దగ్గర ఇంకో చిక్కుంది. పాత నూనె పూర్తిగా తీయకుండా కొత్త టిన్ను పోస్తూ ఉంటే, ఏ బ్యాచ్‌లో ఏ టిన్ను నూనె వెళ్లిందో ఎవరూ చెప్పలేరు. కళాయి ఖాళీ చేసినప్పటి నుంచి మళ్లీ ఖాళీ చేసేదాకా ఒక ‘కళాయి లాట్’ అని పేరు పెట్టి, ఆ మధ్యలో పోసిన టిన్నుల నంబర్లన్నీ దాని కిందే రాయించండి. నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్లు (పదేపదే కాగిన నూనెలో పేరుకునే చెడు పదార్థాలు) 25 శాతం దాటకూడదని ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది కదా, ఆ మీటరు రీడింగు కూడా ఈ లాట్‌కే కట్టేయండి.

ఆవకాయకు ఈ పద్ధతి చాలదు. కలిపిన తేదీ ఒకటి, సీసాలకు ఎత్తిన తేదీ ఇంకొకటి. మే నెలలో కలిపిన డ్రమ్ము ఆగస్టులో సగం, నవంబరులో సగం ప్యాక్ అవుతుంది. డ్రమ్ము నంబరు తల్లి బ్యాచ్, ఒక్కో ప్యాకింగ్ పిల్ల బ్యాచ్. డ్రమ్ముల్లో మాగుతున్న సరుకును ‘సగం తయారైన స్టాక్’గా చూపించలేని సాఫ్ట్‌వేర్‌లో మీ ఏడాది పెట్టుబడి సగం కనపడకుండా పోతుంది.

ఇప్పుడు డెమోకి పిలవండి. వాళ్లు తెచ్చిన నమూనా డేటా వద్దు. మీ రెసిపీ, మీ పది కొనుగోలు బిల్లులు, పది అమ్మకం బిల్లులు ఇచ్చి ఒకటే అడగండి: ‘ఈ కారం లాట్ బాగోలేదు. ఏ బ్యాచ్‌లలో పడింది, అవి ఏ డీలర్లకు వెళ్లాయి, గోదాములో ఎన్ని ప్యాకెట్లు మిగిలాయి?’ పది నిమిషాల్లో జవాబు రాకపోతే ఆ సాఫ్ట్‌వేర్ మీకు కాదు. 2017 నాటి ఆహార రీకాల్ నిబంధనల కింద సరుకు వెనక్కి తెప్పించడం మొదలుపెట్టాక 24 గంటల్లో అధికారులకు తెలపాలి. నోటుపుస్తకాలు తిరగేస్తూ కూర్చుంటే ఆ టైము చాలదు. ముందు కొన్నది కాకుండా ముందు గడువు తీరేది ముందు బయటికి పంపే పద్ధతి ఉందో లేదో కూడా చూడండి.

మీ స్థాయికి భారీ ఈఆర్‌పీలు (కొనుగోలు నుంచి అమ్మకం దాకా అన్నీ ఒకే చోట నడిపే సాఫ్ట్‌వేర్లు) అక్కర్లేదని మా అభిప్రాయం. టాలీప్రైమ్‌లో బ్యాచ్, గడువు తేదీలు పెట్టుకోవచ్చు. తయారీ, నాణ్యత తనిఖీ కూడా ఒకే చోట కావాలంటే ఈఆర్‌పీనెక్స్ట్, ఓడూ లాంటివి ఉన్నాయి. ఈఆర్‌పీనెక్స్ట్ ఓపెన్ సోర్స్ కాబట్టి లైసెన్సు రుసుం లేదు గానీ సర్వరు అద్దె, అమర్చిపెట్టే మనిషి ఖర్చు తప్పవు. ఏది తీసుకున్నా రెండో ఏడాది ధర ఎంతో, మానేసినప్పుడు డేటా అంతా ఎక్సెల్‌లో ఇస్తారో లేదో కాగితం మీద రాయించుకోండి. మార్పు నెల మొదటి తారీఖున, స్టాకంతా చేత్తో లెక్కపెట్టి మొదలుపెట్టాలి. పాతదీ కొత్తదీ కలిపి నడపడం ఒక్క నెలకు మించనివ్వొద్దు. మించితే పనివాళ్లు రెండూ అరకొరగా రాస్తారు.

ప్రశ్న: రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ప్రొడక్షన్ చూస్తాను. 2025 ఆగస్టు చివర్లో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పటి నుంచి మా యాజమాన్యం ఐరోపా, జపాన్ వైపు కూడా చూస్తోంది. ఒక్కో దేశం ఒక్కో రకం రికార్డులు అడుగుతుంది. సాఫ్ట్‌వేర్ ఇందులో ఏం చేయగలదు?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: సుంకాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తగ్గించదు. ఫలానా లాట్ ఫలానా దేశానికి పంపడానికి పనికొస్తుందా లేదా అన్నది చెరువు నుంచి సరుకు దిగిన రోజే చెప్పగలదు. మార్కెట్ మార్చుకోవాలన్నప్పుడు మీకు కావాల్సింది అదే.

ప్లాంటులో సరుకు దించే గేటు దగ్గరే చెరువు నంబరు, ఎంపెడా (సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ) ఎన్‌రోల్‌మెంట్ నంబరు, పట్టుబడి తేదీ (చెరువులో రొయ్యలు పట్టిన రోజు), ఐసు తీసేసిన బరువు, సరుకు ఉష్ణోగ్రత, కౌంటు (పౌనుకో కిలోకో ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది) నమోదు కావాలి. ఐరోపాకు వెళ్లాల్సిన సరుకుకు పట్టుబడికి ముందు చేయించిన యాంటీబయాటిక్ పరీక్ష సర్టిఫికెట్ నంబరు కూడా పడాలి. ఆ గడి ఖాళీగా ఉంటే ‘ఐరోపాకు కుదరదు’ అన్న గుర్తు దానంతట అదే పడేలా పెట్టించండి. సూపర్‌వైజరు గుర్తుపెట్టుకుని ఆపాలనుకుంటే సీజను రద్దీలో జరగదు. అమెరికాకైతే సముద్రోత్పత్తుల దిగుమతి పర్యవేక్షణ కార్యక్రమం రొయ్యలకు 2018 డిసెంబరు 31 నుంచి వర్తిస్తోంది. అక్కడి దిగుమతిదారు అడిగే పట్టుబడి వివరాలు చాలావరకు ఇవే. ఒకసారి సరిగ్గా రాస్తే రెండు చోట్లా పనికొస్తాయి.

గొలుసు తెగేది గ్రేడింగ్ యంత్రం దగ్గర. ఒక చెరువు సరుకు హాపరులో (యంత్రంలోకి సరుకు పోసే తొట్టిలో) ఇంకా ఉండగానే రెండో చెరువుది పోస్తారు. అక్కడి నుంచి రెండూ ఒకటే. దీనికి దారులు రెండు. హాపరు ఖాళీ చేసి, కడిగి, పాత లాట్ మూసి కొత్తది తెరవడం ఒకటి. లేదా కలిపిన లాట్ అని ఒప్పుకుని, దాని కింద తల్లి చెరువులన్నీ రాయడం. రెండో దారిలో ఒక్క చెరువుకు అర్హత లేకపోయినా మొత్తం లాట్‌కి అర్హత పోతుందన్న నియమం సాఫ్ట్‌వేర్‌లో కచ్చితంగా ఉండాలి. నిషేధించిన యాంటీబయాటిక్ నైట్రోఫ్యూరాన్ అవశేషం ఒక చెరువులో తేలితే ఎన్ని కార్టన్లు ఆపాలో తేలేది ఈ నియమంతోనే.

దిగుబడి లెక్కల్లో ఇంకో తిరకాసు. తలతో ఉన్న 1,000 కిలోల వనామీ తల తీశాక సుమారు 650 కిలోలు, పొట్టు, నరం తీశాక 530 దాకా వస్తుంది. ఫాస్ఫేట్ ద్రావణంలో నానబెట్టగానే బరువు పెరుగుతుంది. దిగుబడి నూరు శాతం దాటిందని సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు, పనివాళ్లు అంకెలు సర్దేస్తారు. నానబెట్టడాన్ని విడి దశగా పెట్టి, పెరిగిన శాతాన్ని అక్కడే చూపించాలి. ఐసు గ్లేజు (రొయ్య మీద పట్టించే పల్చటి ఐసు పొర) బరువుకూ వేరే గడి ఉండాలి, నికర బరువు దానితో కలవకూడదు. కౌంటు విషయంలోనూ జాగ్రత్త. 31/40 అంటే పౌనుకు. కిలోకు మారిస్తే 68 నుంచి 88. రెండు కొలతలకూ రెండు ఉత్పత్తి కోడ్లు పెట్టుకోండి, లేబుల్ దగ్గర చేత్తో మార్చే పని పెట్టుకోవద్దు.

ప్రశ్న: గాజువాకలో బేకరీ యూనిట్ మాది. హుద్‌హుద్ లాంటి తుఫాను మళ్లీ వస్తే క్లౌడ్ ఏం పనిచేస్తుంది? లెక్కలు మన దగ్గరే ఉంటే నయం కదా?
– ఓ పాఠకుడు, గాజువాక

జవాబు: 2014 అక్టోబరు 12 తర్వాత నగరంలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. ఆ పరిస్థితిలో మీ గదిలో ఉన్న కంప్యూటరూ తెరుచుకోదు, నీళ్లు చేరితే అందులో లెక్కలూ పోతాయి. ఊరు బయట ఉన్న డేటాకు ఆ భయం లేదు. చిక్కల్లా పని జరగాల్సిన ఆ రెండు మూడు రోజులదే.

ఫైబర్ లైను ఒక కంపెనీది, మొబైల్ డేటా ఇంకో కంపెనీది పెట్టుకోండి. రూటరు కూడా యూపీఎస్ మీదే ఉండాలి. చాలాచోట్ల కంప్యూటరు వెలుగుతూనే ఉంటుంది, రూటరు ఆరిపోతుంది. ఖాళీ బ్యాచ్ షీట్లు ఓ యాభై ముందే అచ్చు వేయించి ఉంచండి. నెట్ వచ్చాక వెనక తేదీతో ఎక్కించే అధికారం ఒక్కరికే ఇవ్వండి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు లేకుండా బండి కదలకూడదు కాబట్టి, తుఫాను హెచ్చరిక రాగానే అందులో సరుకు వివరాలుండే పార్ట్-ఎ నింపి పెట్టుకోవచ్చు. గడువు లెక్క మొదలయ్యేది పార్ట్-బిలో బండి నంబరు వేసినప్పుడే.

మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఇంకో మాట. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల జమాఖర్చుల సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏం మార్చారో చెరగని నమోదు ఉండాలి. బ్యాకప్ రోజూ మన దేశంలోని సర్వరులో పడాలన్న నియమం అంతకు ముందు నుంచే ఉంది. విదేశీ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లను ఈ రెండో సంగతి తప్పకుండా అడగండి. సొంత పేరు మీద నడిపే వ్యాపారానికి ఈ నియమం వర్తించదు. ఎవరిదైనా నెలకోసారి డేటా మొత్తం దించుకుని పెన్‌డ్రైవ్‌లో దాచుకోవడం మంచిది.

ప్రశ్న: 2025 సెప్టెంబరు 22న మిక్చరు, కారప్పూస ప్యాకెట్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకు ముందు అమ్మిన సరుకు ఆ తర్వాత వాపసు వచ్చింది. సాఫ్ట్‌వేర్ క్రెడిట్ నోటులో (వాపసు సరుకు విలువ తగ్గిస్తూ ఇచ్చే పత్రంలో) 5 శాతమే వేసింది. సరేనా?
– ఓ పాఠకుడు, అనకాపల్లి

జవాబు: సరి కాదు. వాపసు సరుకుకు అసలు బిల్లులో వేసిన రేటే, అంటే 12 శాతమే వేయాలి. పాత బిల్లుకు జతచేయకుండా విడిగా క్రెడిట్ నోటు తెరిచినందువల్ల సాఫ్ట్‌వేర్ ఆరోజు రేటు తీసుకుంది. బిల్లు తెరిచి, అక్కడి నుంచే వాపసు చేయండి. ఇంకోటి, రేటు మారినప్పుడు పాత అంకె చెరిపి కొత్తది రాయకూడదు; ‘ఫలానా తేదీ నుంచి’ అని కొత్త వరస చేర్చాలి. చెరిపేస్తే పాత రిపోర్టులన్నీ మారిపోయే సాఫ్ట్‌వేర్లు కొన్ని ఉన్నాయి.

ప్రశ్న: ట్యాబ్‌లు కొనిచ్చాం. కూలీలు ముట్టుకోవడం లేదు. సాయంత్రం సూపర్‌వైజరు అన్నీ ఒకేసారి కొట్టేస్తున్నాడు. స్క్రీన్ ఇంగ్లీషులో ఉండడమే కారణమంటున్నారు.
– ఓ పాఠకురాలు, మర్రిపాలెం

జవాబు: భాష ఒక కారణమే, తెలుగు పేర్లు, సరుకు ఫొటోలు పెట్టించండి. అంతకన్నా పెద్ద కారణం, మీరు రాయమన్నవి ఎక్కువ కావడం. ముందు నమోదయిన సమయాలు చూడండి. అన్నీ ఆరుకీ ఆరున్నరకీ మధ్యే ఉండి, బరువులు 25, 50 అంటూ గుండ్రని అంకెలుగా ఉంటే అవి తూచినవి కావు, ఊహించినవి.

మూడు చోట్ల తప్ప నమోదు పెట్టొద్దు: సరుకు స్టోరు దాటేటప్పుడు, బ్యాచ్ పూర్తయ్యాక, ప్యాకింగ్ అయ్యాక. కాటాకు కేబుల్ గానీ బ్లూటూత్ గానీ ఉంటే బరువు నేరుగా సాఫ్ట్‌వేర్‌లోకి పోతుంది, ఎవరూ కొట్టక్కర్లేదు. డబ్బాలకు క్యూఆర్ స్టిక్కర్లు అంటిస్తే స్కాన్ చేస్తే చాలు. పిండి, నూనె చేతులతో ట్యాబ్ పట్టుకోరు కాబట్టి దాన్ని గోడకు బిగించి, కవరు తొడగండి. స్టిక్కర్లకు వేడి తగిలితే నల్లబడే మామూలు థర్మల్ కాగితం వద్దు. నూనె, వేడి ఉన్నచోట రెజిన్ రిబ్బన్‌తో వేసే ప్రింటరు తీసుకోండి, లేకపోతే వారానికే బ్యాచ్ నంబరు మాసిపోతుంది.

నెలాఖరున అంగట్లో మీ ప్యాకెట్ ఒకటి కొనుక్కొచ్చి సూపర్‌వైజరు చేతికివ్వండి. అందులోని పిండి ఏ బస్తాదో, కారం ఏ లాటో పావుగంటలో చెప్పమనండి. ఎక్కడ ఆగిపోతాడో, మూడు నమోదుల్లో ఏది ఎగ్గొడుతున్నారో అక్కడే దొరుకుతుంది.